సున్నాల వరస

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. బుజ్జమ్మ ఆడిన అబద్ధం ఎంత చక్కగా అతికిందంటే, తర్వాత దాన్ని ఊడబీకుదామన్నా ఆమె తరం కాలేదు. అప్పటికే అది ఫ్రిజ్ తలుపు మీద చార్టుకెక్కింది, మొగుడి నోట్లో పడింది, డాక్టరు రాసిచ్చిన చీటీలో కూడా చేరింది.

బుజ్జమ్మంటే చంటిపిల్ల అనుకునేరు. నలభై రెండేళ్ళ మనిషి. బస్‌స్టేషన్లో మూడో నంబరు కౌంటర్లో టికెట్లిస్తుంది. చిన్నప్పుడు బొద్దుగా ఉండేదని ఎవరో అలా పిలిచారు, ఆ బొద్దు ఎటుపోయిందో గానీ పేరు మాత్రం మిగిలింది. ఏడాదిన్నర కిందట పెద్దపేగుకి జబ్బు పట్టుకుంది. లోపలి పొర ఒరుసుకుపోయి పుండ్లు పడే జబ్బు. తగ్గుతుంది, హమ్మయ్య అనుకునేలోపు తిరగబెడుతుంది. రెండోసారి తిరగబెట్టినప్పుడు పదకొండు రోజులు ఆస్పత్రిలో పడుకుంది. ఇంటికి పంపించేటప్పుడు పేగుల డాక్టరు ఉన్నమాట చెప్పేశాడు. మనిషి మంచివాడే గానీ నీళ్ళు నమిలే రకం కాదు.

"ఈసారి తిరగబెట్టి మందులకి లొంగకపోతే పెద్దపేగు తీసెయ్యడం గురించి మాట్లాడుకోవాలమ్మా. పొట్ట మీద చిన్న దారి చేసి సంచీ తగిలిస్తాం. ఆ సంచీతో హాయిగా ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళు బోలెడుమంది."

ఆ బోలెడుమంది సంగతి బుజ్జమ్మ చెవికెక్కలేదు. సంచీ దగ్గరే ఆగిపోయింది. ఆ రోజు నించీ పళ్ళు తోముకుంటున్నా అదే, టికెట్లు చింపుతున్నా అదే. కడుపులో కాస్త గుడగుడమంటే చాలు, పైప్రాణాలు పైనే పోయేవి.

ఆమె మొగుణ్ణి అందరూ కాటాసారు అంటారు. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. దుకాణాలకెళ్ళి కాటాలు సరిగా తూస్తున్నాయో లేదో చూసి ముద్ర వేసే పని. మూడుసార్లు తూస్తే తప్ప దేన్నీ నమ్మడు. పెళ్ళయిన కొత్తలో, "నేనంటే మీకెంతిష్టం?" అని ఈవిడ ముచ్చటపడి అడిగితే, "దేంతో కొలవమంటావు?" అన్నాడట. ఆ మనిషి అంతే. రోజూ అన్నాల దగ్గర వ్యాపారుల మోసాలు కథలు కథలుగా చెప్పేవాడు. ఒకడు తూకపురాయిని అడుగున తొలిచి మైనం పెట్టాడు, ఇంకొకడు పళ్ళెం కింద అయస్కాంతం అతికించాడు, మరొకడు కోటు లోపల్నించి మోచేత్తో పళ్ళేన్ని నొక్కుతున్నాడు. బుజ్జమ్మ పడీపడీ నవ్వేది. ఆ కథలు ముందుముందు తనకే అక్కరకొస్తాయని ఆమెకేం తెలుసు.

ఆస్పత్రి నించి వచ్చాక బుజ్జమ్మకి బ్రెడ్డు తప్ప ఇంకేదీ సరిగా సయించేది కాదు. గోధుమ లేని బ్రెడ్డు గొడవ మొదలుపెట్టింది కూడా ఆయనే. గోధుమ మానేస్తే మంచిదా అని డాక్టర్ని అడిగాడు. "గోధుమలో గ్లూటెనని ఒక జిగట ఉంటుంది. ఈ జబ్బున్న అందరికీ అది పడదని చెప్పలేం. కొందరికి మానేస్తే కడుపు తేలిగ్గా ఉంటుంది. మానేసి చూడండి. ఏం తిన్నారో, ఏమైందో రోజూ రాసుకోండి. మాత్రలు మాత్రం నాకు చెప్పకుండా ముట్టుకోవద్దు," అన్నాడాయన.

రాసుకోమని కాటాసారుతో అనడం ఆయన్ని నెత్తినెక్కించుకోవడమే. సాయంత్రానికల్లా ఫ్రిజ్ తలుపు మీద చార్టు వెలిసింది. తేదీ, బ్రెడ్డు ఎన్ని గ్రాములు, ఇంకేం తింది, ఎన్నిసార్లు వెళ్ళింది, నొప్పి, నెత్తురు. పెన్సిలు దారంతో కట్టి వేలాడదీశాడు. ఆదివారం ఆదివారం బుజ్జమ్మ బరువు కూడా చూడాలని, తన చేత్తో సరిచేసుకున్న కాటా ఒకటి ముందుగదిలో పెట్టాడు.

తర్వాత పిండి. మిల్లుల్లో గోధుమలూ బియ్యమూ ఒకే రాతి మీద పడతాయి. ఆ గోధుమ దుమ్మే కలిస్తే ఇంకీ అవస్థంతా దేనికి? మూడు మిల్లులవాళ్ళు కుదరదు పొమ్మన్నారు. నాలుగో మిల్లావిడ మాత్రం ఆయన చెప్పిందంతా విని, కళ్ళొత్తుకుని, తన కూతురికీ ఇదే జబ్బని చెప్పింది. అప్పట్నించి సోమవారం పొద్దున్నే మిల్లంతా దులిపి, రాయి తుడిచి, మొదట ఆడిన బియ్యప్పిండి పక్కన పారబోసి, రెండోసారిది ఆయన డబ్బాలో పోసేది.

పిండి కొద్దీ రొట్టె అంటారు. ఈ పిండికి అసలు రొట్టె కావాలన్న ఉద్దేశమే లేదు. జిగట లేని పిండి పొంగదు, పొంగినా నిలబడదు. మొదటి బ్రెడ్డు ఇటుక. రెండోది నడుమ గుంటపడింది. నాలుగోది పైన మాడి లోపల పచ్చిగా ఉంది. ఏడోదాన్ని చాకు కొయ్యలేకపోతే, "దీనికి కూడా ముద్ర వేసెయ్యండి, తూకపురాయిగా పనికొస్తుంది," అంది బుజ్జమ్మ. ఆయన నవ్వలేదు. ఇసబ్‌గోల్ పొట్టు ఎన్ని గ్రాములు, నీళ్ళెన్ని, బంగాళదుంప పిండి ఎంత, ఈస్టు ఎంతసేపు నానాలి అని రాసుకుంటూ, కొట్టేసుకుంటూ, మళ్ళీ రాసుకుంటూ రెండు నెలలు గడిపాడు.

పదకొండోది పొంగింది. ఆదివారం సాయంత్రం ఓవెన్లోంచి తీసి, అడుగున వేలితో తట్టి చూశాడు. డొల్లగా మోగింది. చల్లారేదాకా ఆమెని ముట్టుకోనివ్వలేదు. కోస్తే లోపల చిన్నచిన్న కన్నాలతో మెత్తగా, అచ్చం బజార్లో బ్రెడ్డులా ఉంది. బుజ్జమ్మ ఒక ముక్క తిని, ఇంకోటి అడిగింది. ఊళ్ళో వ్యాపారులంతా హడలిపోయే ఇన్‌స్పెక్టరు చేతిలో చాకు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున బుజ్జమ్మకి నెత్తురు కనిపించింది.

ఎక్కువేం కాదు. కానీ ఆ ఎరుపు ఆమెకి కొత్తదా? గోడ పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయింది. మొహం కడుక్కుని వంటింట్లోకి వచ్చేసరికి ఆయన పెన్సిలు పట్టుకుని తయారుగా ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది.

"ఎన్నిసార్లు?"

"రెండు."

"నొప్పి?"

"లేదు."

"నెత్తురు?"

ఆ వెలిగే మొహం చూసి ఆమె నోరు దానంతటదే పలికింది. "లేదు."

ఆయన సున్నా చుట్టాడు. గుండ్రంగా, పొందిగ్గా, ముద్ర కొట్టినట్టు చుట్టాడు. ఇవాళొక్కరోజే కదా, రేపటికి అదే తగ్గుతుంది, తగ్గితే ఇది అబద్ధమే కాదు అనుకుంది బుజ్జమ్మ. రేపటికి తగ్గలేదు. రెండోరోజు చెబుదామంటే నిన్నెందుకు చెప్పలేదంటాడు. మూడోరోజుకి ఆ మాట గొంతులో ముల్లైపోయింది. చెబితే సంచీ, చెప్పకపోతే నెత్తురు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

పదో రోజున డాక్టరు దగ్గరికెళ్ళారు. కాటాసారు చార్టుని గొట్టంలా చుట్టి పట్టుకెళ్ళి బల్ల మీద పరిచాడు. డాక్టరు వరసగా సున్నాలు చూసి, తలెత్తి బుజ్జమ్మని చూశాడు.

"మీరు చెప్పండమ్మా. ఎలా ఉంది?"

అప్పుడైనా చెప్పొచ్చుగా, మహాతల్లి. మొగుడు పక్కనే కూచుని ఆమె వంక చూసి నవ్వుతున్నాడు. ఆమెకి తేలుకుట్టిన దొంగ పరిస్థితి. "బాగున్నానండి," అంది.

"అయితే అనుకున్నట్టే చేద్దాం. ఎనిమిది మాత్రల నించి వారానికొకటి చొప్పున తగ్గించుకుంటూ రండి. ఈలోగా మల పరీక్ష ఒకటి చేయించండి. కాగితం మీద బాగుంటే చాలదు, లోపల కూడా బాగుండాలి."

ఎనిమిది మాత్రలు ఏడయ్యాయి. ఏడు ఆరయ్యాయి, ఆరు అయిదయ్యాయి. మాత్రలు తగ్గుతున్నకొద్దీ నెత్తురు పెరుగుతోంది. తన నోటితో తనే తన మందు లాగేసుకుంటున్నానని ఆమెకి తెలుసు. తెలిసీ రోజూ పొద్దున్నే ఫ్రిజ్ ముందు నిలబడి లేదు, లేదు అంటూనే ఉంది. మల పరీక్ష సంగతెత్తితే రేపిస్తా, ఎల్లుండిస్తా అని దాటేస్తూ వచ్చింది. ఆ బ్రెడ్డు మటుకు వేళకి తింటూనే ఉంది. నిజానికి పాపం బ్రెడ్డు తప్పేం లేదు. అది చెయ్యగలిగింది అది చేస్తోంది. మందు చెయ్యాల్సిన పని కూడా దాని నెత్తిన పెడితే అదేం చేస్తుంది?

కౌంటర్లో నరకం. బాత్రూం తాళంచెవి సూపర్‌వైజరు గదిలో మేకుకి వేలాడుతుంది. తన కుర్చీ నించి అక్కడికి ముప్ఫై రెండడుగులు, అక్కణ్ణించి వరండా చివరికి ఇంకో నలభై. ముందు కిటికీలో జనం. బస్సుకి టైమైపోతోందని గొణిగే జనం. కడుపులో మెలి మొదలైతే బుజ్జమ్మ కాళ్ళు రెండూ దగ్గరికి పెట్టుకుని, నుదుట చెమటతో, "చిల్లరుందా?" అంటూ ఇంకో టికెట్టు చింపేది. ఇంకొక్కరికి, ఇంకొక్కరికి అనుకుంటూ, ఇక కాదనుకున్నాక బోర్డు తిప్పేసి లేచేది. ఒకరోజు మేకుకి తాళంచెవి లేదు. ఎవరో లోపలున్నారు. ఆ వరండాలో గోడకానుకుని నిలబడ్డ నాలుగు నిమిషాలూ తలుచుకుంటే ఆమెకి ఇప్పటికీ ఒళ్ళు చల్లబడుతుంది. ఆ రోజు నించి బ్యాగులో ఇంకో జత బట్టలు పెట్టుకుని వెళ్ళేది. మధ్యాహ్నం తినడం మానేసింది.

తినకపోతే మనిషి చిక్కదూ? చిక్కింది. అబద్ధం మొదలయ్యాక వచ్చిన మొదటి ఆదివారం ఆయన స్నానానికెళ్ళినప్పుడు దొంగతనంగా కాటా ఎక్కి చూసుకుంటే అరకిలో తగ్గింది. ఇది ఆయన కంట పడితే అంతే సంగతులు. అప్పుడు గుర్తొచ్చాయి వ్యాపారుల కథలు. బీరువా అడుగున ఆయన పాత ఇత్తడి తూకపురాళ్ళ పెట్టె ఉంది. ఆఫీసులో కొత్తవి వచ్చాక పక్కన పడేసినవి. అందులోంచి అరకిలో రాయి తీసి, గుడ్డలో చుట్టి, వదులు బట్టల కింద నడుముకి కట్టుకుంది. చల్లగా తగిలింది.

కాటాసారు ముక్కుమీదకి కళ్ళజోడు జరుపుకుని చదివాడు. "యాభై నాలుగు మూడొందలు. ఒక్క గ్రాము తగ్గలేదు." సంతోషంగా రాసుకున్నాడు. ఊరందరి తూకాలూ పట్టుకునే మనిషి ఇంట్లో పెళ్ళాన్ని తడిమి చూస్తాడా ఏమిటి. రెండో ఆదివారం కిలో రాయి. మూడో ఆదివారం కిలో, అరకిలో. నాలుగో ఆదివారం నడుముకి చెరోపక్కా కిలో, వెనక అరకిలో.

ఆ నాలుగో ఆదివారమే పొద్దున్న, ఆమె గుడ్డ ముడి బిగించుకుంటుండగా తలుపు చప్పుడైంది. మిల్లావిడ వచ్చింది, వెంట కూతురు. పిల్లకి పంతొమ్మిదేళ్ళుంటాయి. కాలేజీలో చదువుతోంది. సన్నగా, తెల్లగా పాలిపోయి, కూచోడానికి ముందు బాత్రూం ఎటుందో కళ్ళతోనే వెతుక్కుంది. ఆ వెతుకులాట బుజ్జమ్మకి వెంటనే తెలిసిపోయింది. ఆ చూపు తనకీ ఉంది.

"బ్రెడ్డు ఎలా చేస్తున్నారో దగ్గరుండి చూద్దామని వచ్చాం సారూ," అంది మిల్లావిడ. "మీరిచ్చిన చార్టు కాపీ చూశాక నాకు ప్రాణం లేచొచ్చింది. అందుకే పది రోజుల కిందట మా పిల్లకీ గోధుమ మాన్పించి, మాత్రలు ఆపేశా."

కాటాసారు తుళ్ళిపడ్డాడు. "ఆపేశారా? ఎవరు చెప్పారు ఆపమని? మా డాక్టరు తగ్గించాడు గానీ ఆపలేదమ్మా. పొరపాటు, చాలా పొరపాటు."

"పిల్ల బాగానే ఉంది సారూ. మీలాగే మేమూ చార్టు పెట్టాం." ఆవిడ సంచీలోంచి మడతపెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచింది. "అన్నీ సున్నాలే, చూడండి. మీ ఆవిడకి తగ్గినట్టే తగ్గింది."

బుజ్జమ్మ చూసింది. ఒకదాని కింద ఒకటి, నెత్తురు గళ్ళో పది సున్నాలు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు చెయ్యి నడుము మీదకి పోయింది. "మంచినీళ్ళు తెస్తాను," అని వంటింట్లోకి నడిచింది. పిల్ల వెనకాలే వచ్చింది.

పిల్ల తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి అడిగింది. "ఆంటీ, మీకు బ్రెడ్డు మొదలెట్టిన ఎన్నో రోజుకి ఆగింది?"

"ఏది?"

"నెత్తురు."

బుజ్జమ్మ చేతిలో గ్లాసు నిండిపోయి నీళ్ళు వేళ్ళ మీదుగా కారాయి. "నీకు లేదని రాసుందిగా."

"అది అమ్మ రాసింది. నేను చెబితే రాసింది." పిల్ల వంటగట్టు పట్టుకుని నిలబడింది. పెదాలు తెల్లగా ఉన్నాయి. "మీకు తగ్గిందిగా, నాకూ రేపో మాపో తగ్గుతుంది. ఈలోగా అమ్మని బెంగపెట్టడం దేనికని. రోజంతా మిల్లు కడుగుతోంది ఆంటీ నాకోసం. ఎన్నో రోజో చెప్పండి, అప్పటిదాకా ఓర్చుకుంటాను."

ఈ మాటలు తనవి. ఇరవై ఎనిమిది రోజులుగా తన లోపల తిరుగుతున్న మాటల్ని ఈ పిల్ల ఒక్కటి కూడా తప్పిపోకుండా పైకి చెప్పేస్తోంది. తన నెత్తురు కారితే కారింది, తన ఖర్మ. కానీ ఈ పిల్ల ఓర్చుకుంటోంది తనని చూసి. తను చుట్టించిన సున్నాల్ని చూసి.

"ఎన్నిసార్లు వెళ్తున్నావు?"

"నిన్న ఆరు."

"నాకు ఎనిమిది," అంది బుజ్జమ్మ.

పిల్ల అర్థంకాక నవ్వబోయింది. "ఊరుకోండి ఆంటీ."

"నాకు తగ్గలేదమ్మా. ఒక్కరోజు కూడా ఆగలేదు." బుజ్జమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని తన నడుము పక్కన ఆనించింది.

గట్టిగా ఏదో తగిలి పిల్ల చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఇదేంటి?"

"కిలో."

ముందుగదిలోంచి కాటాసారు పిలిచాడు. "ఏమోయ్, రా. తూకం టైమైంది. వీళ్ళ ముందే చూద్దాం." ఆయన గొంతులో కంగారుంది. పిల్ల మాత్రలు ఆపేశారన్న మాట ఆయన్ని కుదురుగా ఉండనివ్వడం లేదు. ఏదో ఒక అంకె చూస్తే తప్ప ఆయనకి స్థిమితం ఉండదు.

బుజ్జమ్మ వెళ్ళి కాటా ఎక్కింది. కాటాలో అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి ఆగాయి.

"యాభై నాలుగు మూడొందలు," అని చదివాడు కాటాసారు. "చూశారా, నెలరోజులుగా—"

ఆమె నడుము దగ్గర ముడి విప్పింది. కుడిపక్క రాయి తీసి బల్ల మీద పెట్టింది. అంకెలు యాభై మూడు మూడొందలకి దిగాయి. ఎడమపక్కది తీసి పెట్టింది. యాభై రెండు మూడొందలు. వెనక్కి చెయ్యిపెట్టి అరకిలోది తీసి, దాన్ని పెట్టడానికి చోటు కనబడనట్టు ఆయన చేతిలోనే పెట్టింది. యాభై ఒకటి ఎనిమిదొందలు.

కాటాసారు చేతిలో రాయిని చూశాడు. ఏళ్ళ తరబడి తనే తుడిచి, తనే పెట్టెలో సర్దిన రాయి. అర్థం కావడానికి ఆయనకి ఎక్కువసేపు పట్టలేదు. అది ఆయన వృత్తి.

"ఎప్పట్నించి?"

"పదకొండో బ్రెడ్డు మర్నాటి నించి."

"డాక్టరు మాత్రలు తగ్గించిన రోజు?"

"ఆ పొద్దున మూడుసార్లు పడింది."

ఆయన కుర్చీ వెతుక్కుని కూచున్నాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు. "రోజూ అడిగాను కదే," అన్నాడు, అంతే.

"అడిగారు. మొదటిరోజు మీ మొహం చూసి చెప్పలేకపోయా. తర్వాత ఆపరేషన్ అంటారని. ఆ తర్వాత మీరు తిడతారని. ఆ తర్వాత ఎందుకో నాకే తెలీదండీ, అదే అలవాటైపోయింది." కాటా మీంచి దిగడం కూడా మర్చిపోయి అక్కడే నిలబడి ఏడ్చింది.

మిల్లావిడ ఇటు చూసి, అటు తన కూతురి వంక చూసింది. ఆవిడకి పెద్ద చదువు లేకపోవచ్చు గానీ మొహాలు చదవడం వచ్చు. లేచెళ్ళి పిల్ల గడ్డం పట్టుకుంది. "నువ్వు చెప్పు."

"ఉందమ్మా," అంది పిల్ల. "మొదట్నించీ ఉంది."

ఆవిడ పిల్లని కొట్టలేదు, తిట్టలేదు. చెప్పులేసుకుని, "సారూ, కారు పిలవండి," అంది.

ఆస్పత్రికి వెళ్ళే దారి పొడుగునా బుజ్జమ్మ పిల్ల చెయ్యి వదల్లేదు. ఎవరు ఎవరికి ధైర్యం చెబుతున్నారో తెలీదు.

పిల్ల అదృష్టవంతురాలు. పది రోజులే కాబట్టి మాత్రలు మళ్ళీ మొదలెట్టి, రెండు రోజులుంచి పంపించేస్తామన్నారు. బుజ్జమ్మని మాత్రం చక్రాల బల్ల మీద పడుకోబెట్టి పైకి తీసుకెళ్ళారు. నాడి పరుగులు పెడుతోంది, ఒంట్లో నెత్తురు సగానికి పడిపోయింది. డాక్టరు పొట్ట నొక్కి చూసి, "నొప్పా?" అంటే కాటాసారు అలవాటు కొద్దీ నోరు తెరిచి, మళ్ళీ మూసేసుకున్నాడు.

"నొప్పేనండి," అంది బుజ్జమ్మ.

డాక్టరు కూడా తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది. "మూడు రోజులు నరంలోకి మందెక్కిస్తాం," అన్నాడు. "మూడో రోజు పొద్దున లెక్క చూస్తాం. ఇరవైనాలుగు గంటల్లో ఎన్నిసార్లు వెళ్ళారో నర్సు వచ్చి అడుగుతుంది. ఎనిమిది దాటితే మందు పనిచెయ్యనట్టే. అప్పుడు సర్జన్ని పిలవాలి. ఆలస్యం చేస్తే పేగు చిల్లిపడి ప్రాణం మీదకొస్తుంది. అందుకని ఆ లెక్క నాకు కావాలి."

మొదటిరోజు పన్నెండు. రెండోరోజు పది. మంచం పక్కన కుర్చీలో కాటాసారు కాళ్ళు ముడుచుకుని కూచున్నాడు. ఆ రెండు రోజులూ ఎన్నిసార్లని ఒక్కసారి కూడా ఆమెని అడగలేదు. నీళ్ళందించాడు, దుప్పటి సర్దాడు, బాత్రూం దాకా సెలైను కర్ర పట్టుకుని వచ్చి బయట నిలబడ్డాడు. మనిషి రెండు రోజులకే ముసలాడైపోయినట్టున్నాడు. పిల్ల వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర కనిపించింది. మాత్రల డబ్బా చెయ్యెత్తి చూపించి వెళ్ళింది.

మూడో రోజు పొద్దున ఆరింటికి బుజ్జమ్మకి మెలకువొచ్చింది. కిటికీలో వెలుగు పడుతోంది. ఆయన కుర్చీలోనే తల వాల్చి నిద్రపోతున్నాడు. వార్డు ఆ చివర నర్సు కాగితం పట్టుకుని ఒక్కో మంచం దగ్గరా ఆగుతోంది.

బుజ్జమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. మళ్ళీ పెట్టుకుంది. తొమ్మిది.

ఆఖరిసారి వెళ్ళినప్పుడు ఎవరూ చూడలేదు, ఆయన కూడా నిద్రలో ఉన్నాడు. నీళ్ళు వదిలేసి వచ్చింది. అది తనకి తప్ప ఎవరికీ తెలీదు. అసలది లెక్కలోకి వస్తుందా? కొంచెమే కదా. పన్నెండు, పది, తొమ్మిది. తగ్గుతోంది కదా. ఇంకొక్కరోజు ఆగితే ఏడవుతుంది, ఎల్లుండికి అయిదవుతుంది. ఎనిమిదంటే చాలు. ఒక్క అంకె. ఇవాళొక్కరోజే. సంచీ కళ్ళ ముందుకొచ్చింది, కత్తులొచ్చాయి, కౌంటర్లో తన కుర్చీ వచ్చింది. నర్సు పక్కమంచం దాటింది.

"ఎన్నిసార్లమ్మా?"

బుజ్జమ్మ నోరు తెరిచింది. లోపల్నించి ఒకటి ఎనిమిదంటోంది. వంటగట్టు పట్టుకుని నిలబడ్డ పిల్ల ఒక్కసారి గుర్తొచ్చింది.

"తొమ్మిది," అంది.

నర్సు రాసుకుంది. "నెత్తురు?"

"ఆరుసార్లు."

అదీ రాసుకుని, తర్వాతి మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. ఆవిడకది మామూలు అంకె.

బుజ్జమ్మ చెయ్యి చాచి మొగుడి మోకాలు తట్టింది. "ఏవండీ, లేవండి. తొమ్మిదొచ్చింది. చెప్పేశాను."

ఆయన ఉలిక్కిపడి లేచాడు. ఆమె మొహంలోకి చూశాడు. కొత్తమందులున్నాయనో, ఇంకోసారి లెక్కపెట్టమంటాననో, ధైర్యం చెప్పడానికి ఏదో వెతుక్కుంటున్నాడు.

"ఏం చెప్పకండి," అంది బుజ్జమ్మ. "నాకు చచ్చేంత భయంగా ఉంది. ఊరికే పట్టుకోండి."

ఆయన మంచం మీదకి వంగి రెండు చేతులా పట్టుకున్నాడు. సర్జను పదింటికి వస్తాడని ఎవరో వచ్చి చెప్పేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు.